గోదావరిలో చిన్న తెరచాప పడవలు: దారి చూపే ఎలక్ట్రానిక్ పరికరాలు, రాడార్

రాజమహేంద్రవరం దగ్గరి అఖండ గోదావరిలోనూ, ధవళేశ్వరం దిగువన గౌతమి, వశిష్ఠ, వైనతేయ పాయల్లోనూ, అవి కలిసే సముద్రపు అంచునా తిరిగే చిన్న పడవకు లోతు, చోటు, ఎదురయ్యే అడ్డంకి తెలిపే పరికరాలు ఈ వ్యాసానికి విషయం. చిన్న పడవ అంటే ఇక్కడ 5 నుంచి 8 మీటర్ల పొడవుండి, తెరచాప కొయ్యను పడుకోబెట్టి, కారు వెనక ట్రైలరు మీద రేవుకు తీసుకుపోగల తెరచాప పడవ అని అర్థం. వీటిలో చాలా విషయాలు ఇంజిన్ బోటుకూ, చేపల నావకూ వర్తిస్తాయి.

తెలుగు నేల మీద ఇలాంటి పడవలు ఇప్పుడు ఎక్కువగా కనిపించేది హుస్సేన్ సాగర్‌లో. సైన్యం ఆధ్వర్యంలోని సికింద్రాబాద్ సెయిలింగ్ క్లబ్బు, 2009లో మొదలైన యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ అక్కడ ఆప్టిమిస్ట్, లేజర్ తరగతుల పడవలు నడుపుతాయి. ఆ చెరువులో ఏ పరికరమూ అక్కర్లేదు. ఒడ్డు నాలుగు వైపులా కనిపిస్తూనే ఉంటుంది, దారి తప్పేంత చోటు లేదు. అదే పడవను ట్రైలరు ఎక్కించి రాజమహేంద్రవరం తెచ్చి కోటిలింగాల రేవులో దింపితే లెక్క మారిపోతుంది. అవతలి ఒడ్డు దూరం, నీరు ఒక చోట లోతు, పది బారల అవతల మోకాలి లోతు. అంతర్వేది దగ్గర దింపితే అరగంటలో సముద్రం.

పరికరాల దుకాణంలో ముందు కనబడేది రాడార్, బాగా ఖరీదైనదీ అదే. గోదావరిలో మాత్రం దాని వంతు చివర వస్తుంది. ఈ నదిలో ముందు లోతు తెలియాలి, తర్వాత చోటు తెలియాలి, తర్వాత ఒడ్డుతో మాట్లాడగలగాలి. ఈ మూడూ కుదిరాకే రాడార్ మాట. మొగ దాటి రాత్రిపూట సముద్రంలో ఉండేవారికి మాత్రం ఆ వరుస కొంత తిరగబడుతుంది.

కదిలే ఇసుక

గోదావరి అడుగు ఇసుక, ఆ ఇసుక ఏటా కదులుతుంది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర వరద 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది ఇస్తారు. 1986 ఆగస్టు వరదలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులకు చేరింది. 2022 జూలైలో 71.3 అడుగులకు. అంత నీరు పోయాక లంకల అంచులు కోసుకుపోతాయి, కొత్త తిప్పలు లేస్తాయి, నిరుడు పడవ పోయిన దారిలో ఈ ఏడు మేట వేసి ఉంటుంది. ఎంత మంచి పటమైనా ఒక్క వరదతో పాతబడుతుంది. సముద్రపు పటాలు డెహ్రాడూన్‌లోని జాతీయ జలమాపన కార్యాలయం తయారుచేస్తుంది; వాటిలో రేవులకు, ఓడల దారులకు ఉండే వివరం లంకల మధ్య పాయలకు ఉండదు. 2008లో కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా ఉన్న కాలువలనూ, భద్రాచలం–రాజమహేంద్రవరం మధ్య 171 కిలోమీటర్ల గోదావరినీ కలిపి నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. పేరు వచ్చినంత మాత్రాన దారి గుర్తులు నిండిన జలమార్గం అయిపోదు.

మొగల దగ్గర ఇసుక ఎంత మోసగిస్తుందో చెప్పే గుర్తు ఒకటి ఈ తీరం మీదే ఉంది. 1867 జూన్ 19న అమెరికా నౌకాదళపు ఆవిరి యుద్ధనౌక శాక్రమెంటో గోదావరి మొగ దగ్గర నీటి కింది మేటను కొట్టుకుని పాడైపోయింది. నావికులందరూ బతికి బయటపడ్డారు. ఆ మేటకు ఓడ పేరే మిగిలింది. భైరవపాలెం వైపున్న దీపస్తంభాన్ని ఇప్పటికీ శాక్రమెంటో లైట్‌హౌస్ అనే పిలుస్తారు. చేతిలో పటాలు, శిక్షణ పొందిన అధికారులు ఉన్న యుద్ధనౌక గతే అది.

నదిని ఓడల దారిగా మార్చాలన్న ప్రయత్నం పాతదే. ఆర్థర్ కాటన్ 1847–1852 మధ్య ధవళేశ్వరం ఆనకట్ట కట్టించినప్పుడు కాలువలను సాగుకే గాక పడవలకు కూడా పనికొచ్చేలా తీర్చారు, లాకులు పెట్టారు. గాలి అనుకూలిస్తే చాప ఎత్తేవారు, లేకపోతే గట్టు మీద మనుషులు తాడు పట్టి లాగేవారు. ఎగువ గోదావరిలో ఆవిరి పడవలు నడపాలని దుమ్ముగూడెం వంటి చోట్ల పెట్టుకున్న పెద్ద పథకాన్ని 1871లో వదిలేశారు. రాతి అడ్డంకులు, వేసవిలో ఎండిపోయే నీరు దాన్ని నిలబడనివ్వలేదు.

ఇంజిన్లు రాకముందు సరంగు చేతిలో ఉన్న పరికరం గెడ. ముందు నిలబడినవాడు గెడ దించి లోతు చెబుతూ ఉంటే వెనకవాడు చుక్కాని తిప్పేవాడు. లోతు నీళ్లకు బారల లెక్క: రెండు చేతులు చాపితే వచ్చే కొలత, ఇంచుమించు ఆరడుగులు. ఇంగ్లీషు నావికుల ఫాదమ్ కూడా అదే చేతుల కొలత కావడం ఆశ్చర్యమేమీ కాదు, మనిషి చేతులు ఎక్కడైనా ఒకటే. నీటి పైముఖాన్ని చదవడం మరో విద్య. ఒరవడి నీరు ఒక చోట ముడతలు పడితే కింద మేట ఉన్నట్టు, నూనె పోసినట్టు నున్నగా గుండ్రంగా తిరిగితే కింద సుడి ఉన్నట్టు. ఈ చదువును ఏ తెరా చూపించదు. చీకట్లో మాత్రం ఈ చదువూ పనిచేయదు.

లోతు చెప్పేది

చేపల పడవల్లో దీన్ని ఎకో సౌండర్ అనీ, ఫిష్ ఫైండర్ అనీ అంటారు. పడవ అడుగున ఉన్న చిన్న బిళ్ల నీళ్లలోకి శబ్దపు తరంగాన్ని పంపుతుంది. అడుగు తగిలి తిరిగొచ్చే సమయాన్ని బట్టి లోతు కడుతుంది. నీటిలో శబ్దం సెకనుకు సుమారు 1,500 మీటర్లు పోతుంది కాబట్టి రెండు మీటర్ల లోతైతే కబురు తిరిగొచ్చేది మూడు మిల్లీసెకన్ల లోపే. నదికి 200 కిలోహెర్ట్జ్ సరిపోతుంది. 50 కిలోహెర్ట్జ్ బాగా లోతున్న సముద్రానికి.

ఫైబర్ పడవకు ఈ బిళ్లను లోపలివైపే జిగురుతో అతికించవచ్చు, శబ్దం ఫైబర్‌ను దాటిపోతుంది. చెక్క పడవకు అది కుదరదు, వెనక పలకకు బయట బిగించాలి. ట్రైలరు మీద తిరిగే పడవకు బయట బిగించినది రోలర్లకు తగిలి విరిగే ప్రమాదం ఉంది, అందుకే పైకి మడిచే పట్టీ మంచిది. బిగించాక తప్పకుండా సరిచూడాల్సింది ఒకటుంది. యంత్రం చూపే లోతు నీటిమట్టం నుంచా, బిళ్ల నుంచా, పడవ అడుగు నుంచా? ఇది సరిచేయకుండా 80 సెంటీమీటర్లు ఉంది కదా అనుకున్నవాళ్లు మేట మీద కూర్చుంటారు.

ఈ రకం పడవలకు మధ్యలో ఎత్తి దించే నిలువు పలక ఉంటుంది. పలక ఇసుకను రాస్తే చప్పుడవుతుంది, పడవ నెమ్మదిస్తుంది. పలక ఎత్తి వెనక్కి తిరగొచ్చు. అంటే పలకే ఒక లోతు కొలిచే సాధనం, దానికి బ్యాటరీ కూడా అక్కర్లేదు. ఎకో సౌండర్ చెప్పేది పడవ కింద ఉన్న లోతు. పడవ ముందున్న లోతు కాదు. వేగంగా పోయే పడవకు అది జరిగిపోయిన కబురు. కాబట్టి మేటల మధ్య నడిచేటప్పుడు హెచ్చరిక మోతను మీటరున్నర దగ్గర పెట్టుకుని, నడక తగ్గించడమే దాన్ని వాడే పద్ధతి. ఇంజిన్ బుడగలు, గుర్రపు డెక్క, వరదలో కొట్టుకొచ్చే బురద దాని లెక్కను చెడగొడతాయి. అంకెలు గెంతుతుంటే నమ్మకూడదు.

శబ్దంతో చూసే యంత్రానికి గోదావరిలో అందరికీ గుర్తుండే పని 2019లో పడింది. ఆ సెప్టెంబరు 15న దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ట అనే పర్యాటక బోటు వరద నీటిలో మునిగింది. 70 మందికి పైగా ఉన్న ఆ బోటు నుంచి 26 మంది బయటపడ్డారు. అక్కడ లోతు రెండు వందల అడుగులకు పైన, నీరు బురద, గజ ఈతగాళ్లకు కూడా ఏమీ కనబడలేదు. ఉత్తరాఖండ్ నుంచి వచ్చిన బృందం పక్కలకు శబ్దం పంపే సోనార్‌తో బోటు ఉన్న చోటు పట్టింది. పైకి తీసింది మాత్రం కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం, ఇనుప తాళ్లతో, లంగర్లతో, అక్టోబరు 22న. కచ్చులూరు మలుపు దగ్గర నీరు తిరిగే తీరు సరంగులకు తెలియనిది కాదు. ఏ తెర ఉన్నా, వరదలో ఆ మలుపుకు వెళ్లకూడదన్న నిర్ణయం తెర తీసుకోదు.

చోటు చెప్పేది

1990లలోనే చేతిలో పట్టే జీపీఎస్ యంత్రాలు చేపల పడవల్లోకి రావడం మొదలైంది. 2000 మే 2న అమెరికా తన జీపీఎస్ సంకేతంలో కావాలని పెట్టిన తప్పును తీసేసింది. వంద మీటర్ల మేర ఉండే తేడా ఆ రాత్రికి రాత్రే పది ఇరవై మీటర్లకు దిగింది. మన దేశపు నావిక్ ఉపగ్రహాల్లో మొదటిది 2013 జూలై 1న, ఏడోది 2016 ఏప్రిల్ 28న శ్రీహరికోట నుంచే లేచాయి. జీపీఎస్ తేడాను ఉపగ్రహం ద్వారా సరిచేసి చెప్పే గగన్ వ్యవస్థను ఇస్రో, విమానాశ్రయాల సంస్థ కలిసి విమానాల కోసం కట్టాయి. చిన్న పడవకు కూడా అది ఉచితం.

గోదావరిలో ఈ ఖచ్చితత్వం సగమే ఉపయోగం. తెర మీద పడవ గుర్తు అయిదు మీటర్ల తేడాతో సరిగానే పడుతుంది, దాని కింది పటం అయిదేళ్ల నాటిది. పడవ లంక మీద నడుస్తున్నట్టు చూపిస్తే తప్పు ఉపగ్రహానిది కాదు. అందుకే ఇక్కడ అన్నిటికన్నా విలువైన పటం సొంత జాడే: వెలుతురులో, మంచి నీటిమట్టంలో పోయివచ్చిన దారిని యంత్రంలో దాచుకుని, తేదీ, ఆ రోజు ధవళేశ్వరం నీటిమట్టం రాసి పెట్టుకోవాలి. తిరుగు ప్రయాణం చీకటి పడ్డాక అయితే ఆ గీత మీదే రావాలి. జూలై–అక్టోబరు వరదల తరువాత నిరుటి జాడలన్నీ చెరిపేసి మళ్లీ మొదలెట్టడమే మేలు. దాచుకున్న పాత జాడ ధైర్యం ఇస్తుంది, ఆ ధైర్యమే మేట ఎక్కిస్తుంది.

పాపికొండల మధ్య ఆకాశం ఇరుకు. కొండల చాటున కొన్ని ఉపగ్రహాలు కనబడవు, కొన్నిటి సంకేతం రాతికి తగిలి వస్తుంది. చోటు అటూ ఇటూ ఊగుతుంది. రెండు మూడు ఉపగ్రహ వ్యవస్థలను కలిపి వాడే యంత్రాలకు ఈ చిక్కు తక్కువ. దిక్సూచి మాత్రం కొండలనూ మబ్బులనూ పట్టించుకోదు. రాజమహేంద్రవరం ప్రాంతంలో దాని సూది అసలు ఉత్తరం నుంచి తప్పేది డిగ్రీ మేరకే. పక్కన పెట్టిన ఫోను, స్పీకరు, రాడార్ అయస్కాంతం అంతకన్నా చాలా ఎక్కువ తప్పిస్తాయి.

ఫోను మీద పటం పెట్టుకుని నడపడం చవకైన దారి, మొదటి ఏడాదికి సరిపోతుంది. మే నెల ఎండకు అది వేడెక్కి ఆగిపోతుంది, తడి వేలికి పలకదు. ఓపెన్‌సీపీఎన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను చిన్న కంప్యూటరులో వేసుకుని లోతు, చోటు, రేడియో కబుర్లు ఒకే తెర మీదకు తెచ్చుకునేవారున్నారు. యంత్రాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే భాష పాతది ఎన్‌ఎమ్‌ఈఏ 0183, కొత్తది ఎన్‌ఎమ్‌ఈఏ 2000. కొనే ముందు రెండు పెట్టెలూ ఒకే భాష మాట్లాడతాయా అని అడగకపోతే మార్పిడి పెట్టె కోసం మళ్లీ ఖర్చు.

హైదరాబాద్‌లోని ఇంకాయిస్ సంస్థ చేపలు దొరికే చోట్లు, అలల ఎత్తు, తుపాను హెచ్చరికలు రోజూ ఇస్తుంది. ఒడ్డు నుంచి పది పన్నెండు కిలోమీటర్లు దాటితే ఫోనుకు సిగ్నల్ ఉండదు గనుక, 2019 అక్టోబరులో జెమిని అనే పెట్టెను తెచ్చారు. గగన్ ఉపగ్రహం నుంచి ఈ కబుర్లు అందుకుని బ్లూటూత్ ద్వారా ఫోనులో చూపిస్తుంది. కబురు పుచ్చుకోవడమే దాని పని, తిరిగి పంపలేదు. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ తుపానులో వెయ్యి మందికి పైగా పోయారు, సముద్రంలో ఉన్న జాలరులు ఎందరో తిరిగి రాలేదు. కబురు మాత్రమే అందుకునే పెట్టె కూడా ఎంత విలువైనదో ఆ రాత్రిని ఎరిగిన పల్లెల్లో విడమరిచి చెప్పక్కర్లేదు.

రాడార్

రాడార్ మొదటి ప్రదర్శన జరిగింది ఒక నది మీదే. 1904 మేలో జర్మనీలోని కొలోన్ నగరంలో క్రిస్టియన్ హుల్స్‌మేయర్ రైన్ నది వంతెన దగ్గర తన యంత్రంతో నదిలో వచ్చే పడవను కనిపెట్టి చూపించాడు. పొగమంచులో ఓడలు గుద్దుకోకుండా ఉండటమే అతని ఉద్దేశం. అప్పట్లో కొన్నవాళ్లు లేరు. తెలుగు తీరానికి రాడార్ వచ్చింది ఆకాశం కోసం: దేశంలోని మొదటి తుపాను పసిగట్టే రాడార్‌ను 1970లో విశాఖపట్నంలో పెట్టారు, ఇప్పుడు మచిలీపట్నంలోనూ వాతావరణ రాడార్ ఉంది. వాటి తరంగం పొడవు పది సెంటీమీటర్లు. పడవ రాడార్‌ది మూడు.

పడవ రాడార్ తిరుగుతూ సన్నని కిరణం పంపుతుంది, తగిలి తిరిగొచ్చినదాన్ని తెర మీద చుక్కగా వేస్తుంది. రేడియో తరంగం మైక్రోసెకనుకు 300 మీటర్లు పోతుంది. పోయి రావాలి కాబట్టి ఒక మైక్రోసెకను అంటే 150 మీటర్ల దూరం. ఎంత దూరం చూస్తుందనేది ముందు ఎత్తు మీద ఆధారపడుతుంది. మీటర్లలో ఎత్తుకు వర్గమూలం తీసి 2.2తో గుణిస్తే నాటికల్ మైళ్లలో దాని దిగంతం వస్తుంది. మూడు మీటర్ల ఎత్తున బిగిస్తే 3.8 మైళ్లు, అంటే ఏడు కిలోమీటర్లు. పెట్టె మీద 24 మైళ్లు అని రాసి ఉంటే అది కొండలకూ పెద్ద ఓడలకూ చెల్లే మాట. చిన్న చెక్క నావ తరంగాన్ని సరిగా తిప్పికొట్టదు, కిలోమీటరు రెండు కిలోమీటర్ల లోపుకు వస్తే తప్ప అది తెర మీద పడకపోవచ్చు.

అడుగున్నర వెడల్పు డబ్బాలో తిరిగే చిన్న రాడార్ కిరణం వెడల్పు అయిదు డిగ్రీల దాకా ఉంటుంది. కిలోమీటరు దూరంలో అది దాదాపు 90 మీటర్లు. అంతలో పక్కపక్కన రెండు పడవలున్నా ఒకటిగానే కనిపిస్తాయి; పాయ నోరు 80 మీటర్లైతే మూసుకుపోయినట్టే కనిపిస్తుంది. రాజమహేంద్రవరం దగ్గర ఈ చిక్కు ఇంకో రూపంలో వస్తుంది. 1900 నాటి 56 ఖానాల హేవలాక్ వంతెన, 1974 నాటి రోడ్డు-రైలు వంతెన, విల్లు కమానుల వంతెన నదికి అడ్డంగా మందపాటి గీతలుగా పడతాయి. ఉక్కు దూలాలకు తగిలి అటూ ఇటూ గెంతిన తరంగాలు లేని పడవలను కూడా చూపిస్తాయి. వంతెన నీడలో నిజంగా ఉన్న నాటు పడవ ఆ గీతలో కలిసిపోతుంది. వంతెన దగ్గర కళ్లు తెర మీద ఉండకూడదు.

మరి నదిలో రాడార్ ఎందుకు? డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో గోదావరి మీద పట్టే మంచులో లంక అంచు, ఎదురొచ్చే పంటు తెలుస్తాయి. వేసవి సాయంత్రం ఈదురుగాలితో వచ్చే వాన మూడు సెంటీమీటర్ల తరంగానికి చక్కగా కనబడుతుంది. పావుగంట ముందు తెలిస్తే చాప దించే వ్యవధి దొరుకుతుంది. చిన్న తెరచాప పడవకు ఈ రెండోదే పెద్ద లాభం. ఇసుక మేటను మాత్రం అది చూడలేదు, నీటి కిందకు రాడార్ పోదు.

మొగ దాటితే కథ వేరు. కాకినాడ రేవుకు పోయే ఓడలు, కృష్ణా–గోదావరి బేసిన్‌లోని చమురు వేదికలకు సరుకు మోసే పడవలు రాత్రీ పగలూ తిరుగుతాయి. వేదికల చుట్టూ 500 మీటర్ల రక్షణ వలయం ఉంది, అందులోకి పోకూడదు. ఇక్కడ రాడార్‌తోపాటు, ఓడలు తమ పేరు, వేగం, దిశ తామే చెప్పుకునే ఏఐఎస్ సంకేతాన్ని అందుకునే చిన్న పెట్టె కూడా కావాలి. ఖర్చు రాడార్‌లో కొద్ది భాగమే. ఏఐఎస్ లేని చెక్క నావను రాడార్ చూడాలి, కొండంత ఓడ ఎటు తిరుగుతోందో ఏఐఎస్ చెబుతుంది. ఎదుటి ఓడ మనకు కనిపించే దిక్కు మారకుండా దూరం మాత్రం తగ్గుతుంటే ఢీకొనబోతున్నట్టే. 1972 నాటి అంతర్జాతీయ నియమాల ప్రకారం పనిచేసే రాడార్ ఉన్న పడవ దాన్ని సరిగా వాడితీరాలి. కొనుక్కుని ఆపేసి ఉంచడం తప్పే అవుతుంది.

పాత రాడార్లలో తరంగాన్ని పుట్టించే మాగ్నెట్రాన్ గొట్టం ఉండేది: బరువు, వేడెక్కడానికి నిమిషం పైగా, దిక్సూచిని చెడగొట్టే అయస్కాంతం. 2009లో వచ్చిన బీఆర్24 అనే నమూనా నుంచి చిన్న పడవలకు మాగ్నెట్రాన్ లేని రాడార్లు దొరుకుతున్నాయి. 2016 నాటి రేమెరైన్ క్వాంటమ్ బరువు 5.6 కిలోలు, పనిచేస్తున్నప్పుడు తీసుకునేది సుమారు 17 వాట్లు, తెరకు వైఫై ద్వారా కూడా కబురు పంపుతుంది. ట్రైలరు పడవకు రాడార్ అన్న ఆలోచనే దీనివల్ల సాధ్యమైంది.

ఎక్కడ బిగించాలి

తెరచాప కొయ్య మీద రాడార్ పెడితే ఎత్తు వస్తుంది, కానీ కొయ్యను ప్రతిసారీ దించి లేపాలి. తీగ నలుగుతుంది, డబ్బా కొయ్యతోపాటు నేలకు తగులుతుంది, ముందు చాప దాన్ని రాస్తుంది. వెనక అంచున రెండున్నర, మూడు మీటర్ల గొట్టం నిలబెట్టి, మొదట్లో మడత పెట్టి, దాని మీద బిగించడం నయం. ఆరు కిలోల బరువు మూడు మీటర్ల ఎత్తున ఉంటే పడవ ఒరిగినప్పుడు అది ఆరు కిలోలుగా ఉండదు. ఆరేడు వందల కిలోల పడవకు ఆ తేడా తెలుస్తుంది. పడవ ఒరగడం రాడార్‌కూ కష్టమే. దాని కిరణం నిలువునా 25 డిగ్రీల మేర ఉంటుంది. పడవ 20 డిగ్రీలు ఒరిగితే ఒక పక్క ఆకాశం, ఇంకో పక్క దగ్గరి నీళ్లు మాత్రమే కనిపిస్తాయి. చూడాల్సినప్పుడు చాప కొద్దిగా వదిలి పడవను నిలబెట్టాలి.

పరికరాల పుస్తకాల్లో రాయని ప్రమాదం రేవు దగ్గరే ఉంది. ట్రైలరు మీదే కొయ్య లేపి నీళ్లలోకి తోసేటప్పుడు పైన 11 కిలోవోల్టుల తీగలు ఉండొచ్చు, గోదావరి గట్ల మీద అవి ఎక్కడ దాటుతాయో లెక్కలేదు. అల్యూమినియం కొయ్య, ఇనుప తాళ్లు, తడి కాళ్లు. ముందు పైకి చూడాలి, తర్వాత కొయ్య లేపాలి.

ట్రైలరు వల్ల ఒక సుఖం ఉంది. బ్యారేజీ దాటడానికి లాకుల దగ్గర ఎదురుచూడనవసరం లేదు, పడవను రోడ్డు మీద తీసుకెళ్లి యానాంలోనో అంతర్వేదిలోనో దింపుకోవచ్చు. రోడ్డు మీది కుదుపు మాత్రం అల కన్నా ఎక్కువగా కనెక్షన్లను వదులు చేస్తుంది. తెరలు తీసి కారులో పెట్టుకోవాలి, తీగల చివరలకు టిన్ పూత ఉన్నవి వాడాలి, ఉప్పునీటి ప్రయాణం తర్వాత మంచినీళ్లతో కడగాలి.

కరెంటు లెక్క

ఒక రాత్రి పది గంటల ప్రయాణానికి 12 వోల్టుల మీద: ఏడంగుళాల తెర, ఎకో సౌండర్ కలిపి సుమారు ఒక ఆంపియరు, రాడార్ ఒకటిన్నర, దారి దీపాలు, రేడియో, ఏఐఎస్ కలిపి మరొకటి. మొత్తం మూడున్నర ఆంపియర్లు, పది గంటలకు 35 ఆంపియర్-అవర్లు. సీసపు బ్యాటరీని సగానికి మించి వాడితే త్వరగా చస్తుంది కనుక 80 నుంచి 100 ఆంపియర్-అవర్లది కావాలి, బరువు పాతిక కిలోలు దాటుతుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం 50 సరిపోతుంది, బరువు ఆరేడు కిలోలే. రాజమహేంద్రవరం ఎండలో మూసిన పెట్టెలో దాన్ని ఉంచి చార్జి చేయకూడదు. వంద వాట్ల సౌర పలక మంచి ఎండ రోజున ఈ ఖర్చులో చాలా భాగం తిరిగి నింపుతుంది. రాడార్‌ను ఎడతెగకుండా తిప్పకుండా పది నిమిషాలకోసారి రెండు నిమిషాలు చూసి ఆపడం తెరచాప పడవల అలవాటు, దాంతో లెక్క ఇంకా దిగుతుంది. ప్రతి తీగకూ బ్యాటరీ దగ్గరే ఫ్యూజు ఉండాలి. ఇది అందరికీ తెలుసు, చాలా పడవల్లో ఉండదు.

రేడియో, అనుమతులు, ఆపద కబురు

సముద్రపు వీహెచ్‌ఎఫ్ రేడియోలో 16వ చానెల్ పిలుపుకూ ఆపదకూ. కంటిచూపు దూరమే దాని దూరం కాబట్టి గొట్టం పైన పెట్టిన ఏంటెన్నా కన్నా కొయ్య చివరది చాలా నయం. దీన్ని వాడటానికి టెలికం శాఖ నుంచి అనుమతి తీసుకోవాలి. విదేశాల్లో తిరిగే తెలుగువారు తెలియక తెచ్చే వస్తువు ఇంకొకటి ఉంది. గార్మిన్ ఇన్‌రీచ్, థురయా, ఇరిడియం వంటి ఉపగ్రహ ఫోన్లు, సందేశ యంత్రాలు మన దేశంలో అనుమతి లేకుండా దగ్గర ఉంచుకోవడమే నేరం, విమానాశ్రయాల్లో వాటితో పట్టుబడినవారున్నారు. నదిలో తిరిగే పడవ విషయంలో, 1917 చట్టం స్థానంలో వచ్చిన 2021 నాటి అంతర్దేశీయ నౌకల చట్టం వర్తిస్తుంది. కచ్చులూరు తరువాత రాష్ట్ర ప్రభుత్వం పర్యాటక బోట్ల కోసం రాజమహేంద్రవరం, గండి పోచమ్మ, పేరంటాలపల్లి వంటి తొమ్మిది చోట్ల నియంత్రణ గదులు తలపెట్టింది. అవి నడుస్తున్న చోట సొంత పడవవారు కూడా బయల్దేరే ముందు నీటిమట్టం, గాలి కనుక్కోవచ్చు.

పెద్ద ప్రయాణాల్లో ఈ పరికరాలన్నీ ఎలా కలిసి పనిచేస్తాయో చూడాలంటే భారత నౌకాదళపు తెరచాప పడవ తారిణి ఉంది. ఆరుగురు మహిళా అధికారులు 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి బయల్దేరి 2018 మే 21కి ప్రపంచాన్ని చుట్టి వచ్చారు. వారిలో విశాఖపట్నం స్వాతి, హైదరాబాద్ ఐశ్వర్య తెలుగువారు. అది 56 అడుగుల పడవ, ట్రైలరు మీద ఎక్కేది కాదు. అదే ఏడాది సెప్టెంబరులో, జీపీఎస్ వాడకూడదన్న నియమం ఉన్న గోల్డెన్ గ్లోబ్ పందెంలో నౌకాదళ అధికారి అభిలాష్ టామీ పడవ దక్షిణ హిందూ మహాసముద్రంలో కొయ్య విరిగి కుప్పకూలింది. నడుం దెబ్బతిని కదలలేని స్థితిలో ఉన్న ఆయన్ను వెతికి పట్టడానికి ఆధారమైంది పడవలోని 406 మెగాహెర్ట్జ్ ఆపద బీకన్. మొత్తం సామగ్రిలో చిన్నది, రోజూ ఏ పనీ చేయనిది, రాడార్‌కు పెట్టిన డబ్బులో కొంత ముందు దానికి కేటాయించాలి.

జాలరుల కోసం ఇస్రో ఇలాంటి ఆపద యంత్రాన్నే తయారుచేసింది. 2024 జనవరిలో వచ్చిన రెండో తరం యంత్రం, కబురు అందిందని తిరిగి చెబుతుంది. అదే ఏడాది ఆగస్టు 30న మొదలైన పథకం కింద లక్ష చేపల పడవలకు 364 కోట్ల రూపాయలతో ట్రాన్స్‌పాండర్లు బిగించాలని కేంద్రం తలపెట్టింది. ట్రైలరు మీద వచ్చే తెరచాప పడవ చేపల పడవ కాదు, ఈ లెక్కలోకి రాదు. దాని బీకన్‌ను యజమానే కొనుక్కోవాలి, తన పేరు మీద నమోదు చేయించుకోవాలి, బ్యాటరీ గడువు తేదీని ఏటా చూసుకోవాలి.